ముందు రేడియేటరు, ఆ తర్వాతే అలాయ్ వీల్స్

మా ఇంటి పక్క రేకుల షెడ్డులో బానెట్ ఎత్తిపెట్టి ఉన్న 1998 మోడల్ మారుతి 800ని చూసి జనం రెండే ప్రశ్నలు వేస్తారు. యాభై దాటినవాళ్లు "తుక్కుకేస్తే ఎంతొస్తాదప్పా?" అంటారు. పాతికేళ్ల లోపువాళ్లు "ఎప్పుడు మోడిఫై చేయిస్తావన్నా?" అంటారు. మొదటిదానికి జవాబు కావాలంటే పాత ఇనుము రేటు కనుక్కుంటే చాలు. నా పేచీ రెండో ప్రశ్నతోనే.

మోడిఫై అనగానే అనంతపురం కుర్రాళ్లకు గుర్తొచ్చేవి వెడల్పు టైర్లు, కళ్లలో పొడిచే తెల్ల లైట్లు, వీధంతా లేచి కూర్చునే సైలెన్సర్, నల్ల ఫిల్ము. ఇవన్నీ రోడ్డు మీద నిలబడి చూసేవాళ్ల కోసం చేసే ఖర్చు. లోపల కూర్చుని మే నెల మధ్యాహ్నం గుత్తి దాకా పోయి రావాల్సిన మనిషికి వీటిలో ఒక్కటీ పనికిరాదు. చవగ్గా కొన్న పాత కారును ఈ ఊరి ఎండకు, ఈ ఊరి నీళ్లకు, ఇప్పుడు బంకుల్లో పోస్తున్న పెట్రోలుకు తట్టుకునేట్టు మార్చాలి. అది చేశాక డబ్బులు మిగిలితే సోకులు చేసుకోవచ్చు. సాధారణంగా మిగలవు.

ఈ బండే ఎందుకంటే, విడిభాగాలు దొరుకుతాయి కాబట్టి. 1983 డిసెంబరులో మొదటి మారుతి 800 తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చినప్పుడు దాని ధర యాభై వేల లోపే. ఇప్పుడు నడిచే స్థితిలో ఉన్న పాతది దాదాపు అదే ధరకు దొరుకుతోంది. 2014 జనవరిలో తయారీ ఆగిపోయినా, అదే 796 సీసీ ఇంజన్ కుటుంబంతో ఆమ్నీ 2019 దాకా వచ్చింది. అందుకే గ్యాస్కెట్టు, వాటర్ పంపు, క్లచ్ ప్లేటు లాంటివి పాతూరు షాపుల్లోనే దొరుకుతాయి. ఇక్కడ లేనివి బెంగళూరు జేసీ రోడ్డులో ఉంటాయి. అరుదైన విదేశీ కారు కొని ఒక్క రబ్బరు బుష్షు కోసం నెలల తరబడి ఎదురుచూసేవాళ్ల ఓపికకు దండం పెడతాను గానీ, ఆ దారి పట్టమని ఎవరికీ చెప్పను.

పాత కారు కొనాలంటే అనంతపురం మంచి చోటు. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడేది మన జిల్లాలోనేనని చిన్నప్పటి నుంచి వింటున్నాం. సేద్యానికి అది శాపం, కారు రేకుకు మాత్రం వరం. సముద్రపు గాలి తగిలే విశాఖలోనో చెన్నైలోనో ఇరవై ఏళ్లు తిరిగిన బండికీ, ఏపీ02 నంబరుతో ఇక్కడే తిరిగిన బండికీ అడుగుభాగం చూస్తే తేడా తెలిసిపోతుంది. అలాగని తుప్పే ఉండదనుకుంటే పొరపాటు. మన దగ్గర దానికి మూలం ఎండ. ముందద్దం చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ ఏళ్ల తరబడి ఎండకు గట్టిపడి, మూలల్లో పగులుతుంది. ఏడాదిలో పడే ఆ నాలుగు వానలకే నీళ్లు ఆ పగుళ్లలోంచి డ్యాష్‌బోర్డు వెనక్కి, అక్కడి నుంచి కాళ్ల దగ్గర మ్యాటు కిందికి దిగుతాయి. మ్యాటు కింద గుడ్డ తడిసే ఉంటుంది, పైకి మాత్రం అంతా పొడిగా కనబడుతుంది. నేను మ్యాటు ఎత్తినప్పుడు డ్రైవరు వైపు రేకు బాగానే ఉంది. పక్క సీటు కింద మాత్రం స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అది నేరుగా నేలకు తగిలింది. దాని మీద మునుపెవరో లప్పం పెట్టి, పైన తారు రంగు పూసి ఉంచారు. కొనేముందు చిన్న అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్లండి. తలుపుల అడుగున, చక్రాల పైఅంచుల దగ్గర అది అతుక్కోకపోతే అక్కడ ఉన్నది రేకు కాదు, లప్పం.

ఆ చిల్లు దగ్గర కుళ్లిన భాగం కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాను. అది ఇంట్లో చేసే పని కాదు, చేతిలో నైపుణ్యం ఉన్నవాళ్లది. నేను చేసుకున్నదల్లా బీడింగ్ మార్చడం, తలుపుల అడుగున నీళ్లు పోయే చిన్న కంతల్లో ఇరవై ఏడేళ్లుగా పేరుకున్న మట్టిని తీగతో పొడిచి తీయడం. ఈ రెండింటికీ అయిన ఖర్చు ఒక అలాయ్ వీల్ ఖరీదులో పదో వంతు కూడా లేదు.

ఇక రేడియేటరు. పాత కారు గురించి అనంతపురంలో ఎవరికైనా ఒక్క మాటే చెప్పాల్సి వస్తే దీని గురించే చెబుతాను.

మన బోరు నీళ్లు ఎంత గట్టివో టీ గిన్నె అడుగు చూస్తే తెలుస్తుంది. ఆ తెల్లటి పెచ్చు రేడియేటరు గొట్టాల్లోనూ కడుతుంది. 1990లలో ఈ జిల్లా పల్లెలకు సత్యసాయి తాగునీటి పథకం వచ్చి మనుషుల నీటి బాధ కొంత తీర్చింది. రేడియేటర్లకు మాత్రం ఇప్పటికీ బోరు నీళ్లే గతి. దారిలో వేడెక్కితే ఏ హోటల్ దగ్గరో ఆపి, చెంబుతో నీళ్లు పోసి, మూత బిగించి పోవడం అందరికీ అలవాటు. మా బండి రేడియేటరును విప్పించి పై ట్యాంకు ఊడదీయించినప్పుడు పక్కనే నిలబడి చూశాను. సన్నటి గొట్టాల్లో సగానికి పైగా మూసుకుపోయి ఉన్నాయి. మేస్త్రీ సన్నని రేకు బద్దను ఒక్కో గొట్టంలోకి దించి పైకీ కిందికీ ఆడిస్తుంటే, బెల్లం రంగు నీళ్లతో కలిసి తెల్లటి పెచ్చులు ఊడి పడ్డాయి. "ఇది పొయ్యిలోంచి తీసినట్టుందప్పా" అని నవ్వి, కొంచెం ఆగి, "వాల్వు కూడా లేదు చూడు" అన్నాడు.

వాల్వు అంటే థర్మోస్టాట్, ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటరుకు పోకుండా ఆపే చిన్న తలుపు. మన వైపు బండి వేడెక్కుతోందంటే చాలామంది మెకానిక్‌లు మొదట చేసే పని దాన్ని పీకి పారేయడం. నీళ్లు అడ్డం లేకుండా తిరుగుతాయి కాబట్టి చల్లగా ఉంటుందని లెక్క. కొన్నాళ్లు ఉంటుంది కూడా. కానీ చలికాలం పొద్దున ఇంజన్ పూర్తిగా వేడెక్కడానికి చాలా సేపు పడుతుంది. అంతసేపూ పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు ఎక్కువ అరుగుతాయి. పైగా గొట్టాలు మూసుకుపోవడమనే అసలు జబ్బు అలాగే ఉండిపోయి, ఏప్రిల్లో పెనుకొండ దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడు బయటపడుతుంది. కొత్త థర్మోస్టాట్ వేసి, రేడియేటరు కడిగించి, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంటు పోయడం కంటే ఈ ఊళ్లో పెద్ద మోడిఫికేషన్ లేదు. మూత కూడా మార్చాలి. లోపల ఒత్తిడిని పట్టి ఉంచేది ఆ మూతే. ఆ ఒత్తిడి ఉన్నంతవరకు నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగవు. దాని స్ప్రింగు వదులైతే మిగతావన్నీ కొత్తవైనా దారిలో పొగలే. అంత చవకైన వస్తువు కాబట్టే దాని జోలికి ఎవరూ పోరు.

పెట్రోలు సంగతికి వస్తాను. 2025 నాటికి దేశమంతటా బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే వచ్చేసింది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ. ఇరవై శాతం కలిపితే లెక్క ప్రకారం లీటరుకు ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. కొత్త బండ్లలో సెన్సర్ గాలి, ఇంధనం పాళ్లు చూసుకుని సర్దుకుంటుంది. పాత బండ్లలో గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటరుకు ఆ తెలివి లేదు. దాని జెట్టు కన్నం ఎంత ఉంటే అంతే పోస్తుంది. ఫలితంగా మిశ్రమం పలచబడి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బండి ఒక క్షణం ఆలోచించి కదులుతుంది, ఇంజన్ మామూలు కంటే వేడిగా నడుస్తుంది. స్పార్క్ ప్లగ్గు విప్పి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది: మొన తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదని, నల్లగా మసి పట్టి ఉంటే ఎక్కువవుతోందని, బిస్కెట్టు రంగులో ఉంటే సరిగ్గా ఉందని. మాది సున్నం కొట్టినట్టుంది. కార్బురేటరు విప్పి కడిగి, పాత రబ్బర్లన్నీ తీసేసి, జెట్టు ఒక సైజు పెంచాక బిస్కెట్టు రంగుకు వచ్చింది.

ఇథనాల్ తేమను కూడా పీలుస్తుంది. మనలాగా వారానికోసారి బండి తీసేవాళ్లకు అదో బాధ. ఇరవై ఏళ్ల కిందటి రబ్బరు పైపులు దానికి తట్టుకోవు, ఉబ్బి మెత్తబడి చివర్లలో చీలతాయి. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చుకోవాల్సి రావచ్చని కేంద్ర పెట్రోలియం శాఖే 2025లో చెప్పింది. వేడి ఇంజన్ మీదుగా పోయే పెట్రోలు పైపు చీలితే ఏమవుతుందో విడమరిచి చెప్పక్కర్లేదు. ట్యాంకు నుంచి కార్బురేటరు దాకా ఇథనాల్‌కు తట్టుకునే పైపులు, కొత్త క్లిప్పులు వేయడం ఒక ఆదివారం పని. చేతులకు పెట్రోలు వాసన మాత్రం రెండు రోజులు పోదు.

ఇక్కడే మా అల్లుడి గురించి చెప్పాలి. అక్క కొడుకు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల కియా ఫ్యాక్టరీ ఉంది కదా, అందులో పని. రోజంతా కొత్త కార్ల మధ్య ఉండి, సెలవు రోజున నా షెడ్డుకు వస్తాడు. మొదటిసారి డ్రైవింగ్ సీట్లో కూర్చుని, స్టీరింగ్ దగ్గరున్న నల్ల గుండును పట్టి లాగి, "మామా, ఇదేంది లాగితే వస్తాంది?" అన్నాడు.

"చోక్ రా. పొద్దున చల్లగా ఉన్నప్పుడు లాగి స్టార్ట్ చేయాల."

"బండికి చలి పెడతాదా?" అని నవ్వాడు. తర్వాత అరగంట కార్బురేటరు ముందు వంగి, చోక్ లాగితే లోపల పళ్లెం ఎట్లా మూసుకుంటుందో, వదిలితే ఎట్లా తెరుచుకుంటుందో చూస్తూనే ఉన్నాడు. వాడి ఫ్యాక్టరీలో ఆ పని చిప్పు చేస్తుంది, కంటికి కనబడదు.

కానీ వాడికీ అలాయ్ వీల్సే కావాలి. "పన్నెండు అంగుళాల చక్రాలేంది మామా, ఆటో మాదిరి! పదమూడు వెయ్." ఇది ఊరికే కొట్టిపారేసే మాట కాదు, చాలామంది వేస్తారు. అందుకే కాగితం మీద లెక్క కట్టి చూపించాను. కంపెనీ టైరు 145/70 ఆర్12. దాని మొత్తం వ్యాసం సుమారు 508 మిల్లీమీటర్లు. అదే 145/70లో 13 అంగుళాలది వేస్తే 533. అంటే అయిదు శాతం పెద్దది. స్పీడోమీటర్ 80 చూపించేటప్పుడు బండి 84లో పోతుంటుంది. గేర్లు ఆ మేరకు బరువెక్కుతాయి. అసలే నలభై గుర్రాలు కూడా లేని ఇంజన్, నాలుగే గేర్లు. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపలి రేకుకు రాసుకునే అవకాశం వేరే. బ్రేకులకు కూడా కొంచెం ఎక్కువ పని. ఇంత చేసి దొరికేదేమిటి? సప్తగిరి సర్కిల్లో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పక్క బైకువాడు ఒకసారి చూస్తాడు.

అదే డబ్బుతో కంపెనీ సైజులోనే కొత్త టైర్లు నాలుగు వస్తాయి. పాత బండికి టైరు గాడులు చూసి మోసపోవద్దు. తక్కువ తిరిగిన కారు టైర్లలో గాడులు నిండుగానే ఉంటాయి, రబ్బరు మాత్రం ఎండకు పీచులా పగిలిపోయి ఉంటుంది. పక్కగోడ మీద చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారీ. ఆరేడేళ్లు దాటిందంటే మన ఎండల్లో హైవే మీదికి తీసుకుపోకండి. బ్రేకుల్లోనూ ఇంతే: వీల్ సిలిండర్ల రబ్బర్లు, పాత బ్రేక్ ఆయిలు మార్చితే చాలు, పెడల్ గట్టిపడుతుంది. బ్రేకుల పని మాత్రం తెలిసిన మెకానిక్ పక్కన లేకుండా ఇంట్లో చేయొద్దు. అలాగే జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి దూరొద్దు. స్టాండ్లు కొనండి, సిమెంటు ఇటుకలు పేర్చడాలూ అవీ వద్దు.

లైట్ల మీద వాడితో వాదన ఇంకా పెద్దది. ఎల్‌ఈడీ బల్బు వేస్తే తెల్లగా వస్తుంది, నిజమే. కానీ హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో దాన్ని పెడితే వెలుగు రోడ్డు మీద పడదు, ఎదుటి లారీ డ్రైవర్ మొహం మీద పడుతుంది. వంద వాట్ల బల్బులు వేసేవాళ్లు కొన్నాళ్లకు హోల్డర్లు కరిగించుకుంటారు. పాత కారు లైటు మందగించడానికి అసలు కారణం బల్బు కాదు, వైరింగు. కరెంటంతా స్టీరింగ్ దగ్గరి పాత స్విచ్చు గుండా సన్నటి వైర్లలో తిరిగి వచ్చేసరికి వోల్టేజి పడిపోతుంది. బల్బుకు చేరే వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం తగ్గుతుంది. బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజుతో లావు వైరు, మధ్యలో రిలే (పాత స్విచ్చు మీద భారం పడకుండా కరెంటును తానే కలిపే చిన్న పెట్టె) పెట్టి, ఎప్పుడూ ఉండే 60/55 వాట్ల బల్బులే ఉంచాను. మొదటి రాత్రి తాడిపత్రి రోడ్డులో పోతుంటే వాడు బల్బులు మార్చాననే అనుకున్నాడు.

చట్టం సంగతి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం ఓనరుకు ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. నల్ల ఫిల్ముల మీద సుప్రీంకోర్టు 2012లోనే నిషేధం పెట్టింది. రంగు మార్చినా ఆర్సీలో ఎక్కించుకోవాలి. మార్పులు చేసిన బండికి యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ దగ్గర పేచీ తప్పదు. నేను చేసిన పనుల్లో ఏదీ ఈ గొడవలోకి రాదనే నా లెక్క. దాదాపు అన్నీ బండిని ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్థితికి దగ్గరగా తీసుకుపోయే పనులే.

తుక్కుకు వేయమనే పెద్దవాళ్లకు ఒక విషయంలో ఒప్పుకుంటాను. పొగ విషయంలో వాళ్ల మాటే కరెక్ట్. ఎంత ట్యూనింగ్ చేసినా, క్యాటలిటిక్ కన్వర్టర్ లేని ఈ కార్బురేటరు బండి కొత్త కారంత శుభ్రంగా ఉండదు. రోజూ ఆఫీసుకు తిప్పే బండిగా దీన్ని సమర్థించను. ప్రభుత్వం కూడా ఊరికే వదలడం లేదు. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్‌ను అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి దాని ఫీజు 600 నుంచి 5,000కు పెరిగింది. 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్లు దాటిన కారుకు 10,000. కొనేటప్పుడు ఈ ఫీజు, బాకీ ఉన్న చలాన్లు, ఫైనాన్స్ క్లియరెన్స్ చూసుకోకుండా పాత కార్లు అమ్మిపెట్టే కన్సల్టెన్సీవాళ్లు చెప్పిన రేటే చవకనుకుంటే, "ఇన్ని దుడ్లు పెట్టి ఇదొకటా?" అని ఇంట్లోవాళ్లు అన్నప్పుడు మన దగ్గర జవాబు ఉండదు.

డబ్బు లెక్కన చూస్తే ఇది నష్టమే. పెట్టిన ఖర్చు అమ్మినా రాదు. వింటేజ్ కారులా ధర పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, పాతిక లక్షలకు పైగా అమ్ముడైన బండి అది. నాకు దక్కిందల్లా, శబ్దం మారితే ఎక్కడ మారిందో చెప్పగలగడం. కొత్త కారులో డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగితే సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి, వాళ్లు ఎంత చెబితే అంత కట్టి వస్తాను. ఆ తేడా విలువ ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. నాకు మాత్రం చాలానే ఉంది.

మిగిలింది ఏసీ. ఇది ఏసీ మోడలే. కంప్రెసర్ ఎప్పుడో పట్టేసింది, మునుపటి ఓనరు బెల్టు తీసేసి తిప్పుకున్నాడు. పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లు కొందరు ఇంత చిన్న ఇంజన్‌కు ఏసీ వద్దంటారు. అనంతపురంలో ఉండి ఆ మాట అనగలిగేవాడిని మే నెలలో ఒకసారి పక్క సీట్లో కూర్చోబెట్టుకోవాలని ఉంది. ముందుగా పైకప్పు లైనింగ్ ఊడదీసి దాని కింద వేడిని ఆపే ఫోమ్ షీట్లు అతికించాను. ఆ పల్చటి రేకు మీద పడే ఎండ తల మీదికి దిగడం బాగా తగ్గింది. కంప్రెసర్ బాగుచేయించడం ఆ తర్వాతి పని. ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ ఉండేది రేడియేటరు ముందే, దాని వేడంతా వెనక్కి రేడియేటరు మీదికే వస్తుంది. సగం గొట్టాలు మూసుకుపోయిన రేడియేటరుతో ఏసీ వేసి ఉంటే సూది ఎర్ర గీత దగ్గరే ఉండేది.

"పికప్ సచ్చిపోతాది గదా మామా" అన్నాడు అల్లుడు. పోతుంది. పెనుకొండ ఎత్తు దగ్గర స్విచ్ ఆపి, పైకెక్కాక మళ్లీ వేసుకుంటాను. ఇంకో ఎలక్ట్రిక్ ఫ్యాను కండెన్సర్ ముందు పెట్టాలి. దానికి సరిపడా కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ ఉందో లేదో ముందు చూడాలని వాడే అన్నాడు. ఆదివారం మీటరు తెస్తానన్నాడు. అలాయ్ వీల్స్ బొమ్మలు ఫోన్లో పంపడం మాత్రం ఇంకా మానలేదు.